మోటార్‌వే మీద ఎవరు ఎవరికి దారివ్వాలి? మీ అనుభవాలు చెప్పండి

కొత్త స్టీరింగ్:
ఇక్కడ బ్రిటన్‌లో లైసెన్సు చేతికొచ్చి కొద్ది నెలలే అయింది. ఊళ్లో తిరగడానికి బెరుకు పోయింది కానీ మోటార్‌వే (మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది) అంటే ఇంకా టెన్షనే. అసలు గొడవంతా మోటార్‌వే మీదికి ఎక్కించే స్లిప్ రోడ్డు దగ్గర. మొన్న ఎం1 మోటార్‌వే ఎక్కుతున్నాను. ఎడమ లేన్‌లో ఒక వ్యాను వస్తోంది. దాని పక్క లేన్ ఖాళీ. అయినా అతను పక్కకు జరగలేదు, స్పీడూ తగ్గించలేదు. చివరికి నేనే తగ్గి అతని వెనకాల చేరాను. "వాళ్లే జరగాలి, అది మర్యాద" అంటారు మావారు. నిజమేనా?

ఇంకొకటి. కాసేపయ్యాక ఒక లారీని దాటాను. దాటీ దాటగానే వెనక నుంచి లైట్లు కొట్టాడు. తిట్టాడా, ఇంకేమైనా చెప్పాడా? ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన.

ఎల్ ప్లేట్ మాస్టారు:
తిట్టలేదమ్మా. ఆ సంగతి లారీ నడిపేవాళ్లే వచ్చి చెబుతారు. ముందు స్లిప్ రోడ్డు సంగతి చూద్దాం. హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం) 259వ రూలు ప్రకారం, అప్పటికే మోటార్‌వే మీద ఉన్న బండికే దారి. వచ్చేవాళ్లే సందు చూసుకుని కలవాలి. లేన్ మారి చోటిస్తే అతని మంచితనం, ఇవ్వకపోతే అడిగే హక్కు మనకు లేదు. పైగా ఆ వ్యాను పక్క లేన్ మీకు ఖాళీగా కనిపించింది కానీ, వెనక నుంచి ఎవరైనా గంటకు డెబ్బై మైళ్లలో దూసుకొస్తున్నారేమో అతని అద్దంలోనే తెలుస్తుంది. మీరు తగ్గి వెనకాల చేరడం సరైన పనే.

నేర్పేవాడిగా నేను చూసేది ఏమిటంటే, చాలామంది స్లిప్ రోడ్డు చివరికొచ్చాక అద్దంలోకి చూస్తారు. అప్పటికే ఆలస్యం. వీలైన చోట మొదట్లోనే కుడివైపు మోటార్‌వే మీదికి ఒక చూపు వేయాలి. ఏ రెండు బండ్ల మధ్య చేరాలో అప్పుడే అనుకోవాలి. ఇక ఆ లేన్ ఎంతలో నడుస్తుంటే అంతకు స్పీడు తేవాలి. స్లిప్ రోడ్డును అంత పొడవుగా వేసింది అందుకే. నలభైలో వెళ్లి అరవైలో నడిచే లైన్లో కలుస్తానంటే ఎవరికీ కుదరదు.

2018 జూన్ 4 నుంచి నేర్చుకునేవాళ్లను కూడా మోటార్‌వే ఎక్కించవచ్చు. గుర్తింపు ఉన్న శిక్షకుడు పక్కన ఉండాలి, కారుకు రెండు వైపులా బ్రేకులుండాలి. కానీ అది తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది టెస్టు పాసయ్యాకే మొదటిసారి ఎక్కుతున్నారు. ఒక క్లాసు డబ్బులు పెట్టి అది నేర్చుకోండి, ఊరికే పోదు.

లారీ బాబాయ్:
నన్ను పిలిచినట్టే ఉంది. ఆ లైట్లు తిట్టు కాదు తల్లీ. "నీ కారు నా ముందునుంచి పూర్తిగా దాటింది, ఇక ఎడమకు వచ్చేయొచ్చు" అని చెప్పాడు. ఒక లారీ ఇంకో లారీని దాటినప్పుడు ఈ సైగ మరీ అవసరం. పదహారున్నర మీటర్ల బండి తోక ఎక్కడుందో రాత్రిపూట అద్దంలో అంచనా వేయడం కష్టం. వెనకాయన లైటు కొడితే మేం లేన్‌లోకి వచ్చి, ఎడమ ఇండికేటర్ ఒకసారి, కుడి ఒకసారి వేస్తాం. అది మా థాంక్స్.

మీకు తెలియని ఇంకో సంగతి చెబుతాను. మా బండికి స్పీడు లిమిటర్ ఉంటుంది, గంటకు 56 మైళ్లు దాటదు. ఎంత తొక్కినా అంతే. మూడు లేన్లున్న చోట కుడి చివరి లేన్‌లోకి మేం వెళ్లకూడదు. అంటే మాకున్నవి రెండే లేన్లు. స్లిప్ రోడ్డు నుంచి కారు వస్తోంది, చోటిద్దామని చూస్తాను. సరిగ్గా అప్పుడే మధ్య లేన్‌లో ఒక పెద్దమనిషి నా క్యాబిన్ పక్కన, నా స్పీడులోనే, పాట వింటూ తాపీగా వస్తుంటాడు. ముందుకు పోడు, వెనక్కి రాడు. అతను కదలకపోతే నేను కదల్లేను. కింద వచ్చే కారాయన ఏమో "లారీవాడు దారివ్వడు" అనుకుంటాడు.

అరవై ఐదు చాలు:
బాబాయ్ గారు చెప్పిన ఆ పెద్దమనిషి నాలాంటివాడే అనుకుంటా :) నేను మధ్య లేన్‌లోనే పోతాను. ఎడమ లేన్ అంతా లారీలు, పైగా ప్రతి జంక్షన్లో ఎక్కేవాళ్లు. లిమిట్ 70, నేను 65 నుంచి 70. నాకంటే వేగంగా పోవాలనుకునేవాడు చట్టం తప్పుతున్నట్టేగా? వాడి కోసం నేనెందుకు లేన్లు మారుతూ ఉండాలి?

ఎల్ ప్లేట్ మాస్టారు:
మారాలండి. 264వ రూలు స్పష్టంగా చెబుతోంది: ముందు రోడ్డు ఖాళీగా ఉంటే ఎడమ లేన్‌లోనే ఉండాలి, దాటడం అయిపోయాక మళ్లీ ఎడమకు రావాలి. 2013 ఆగస్టు నుంచి పోలీసులు దీనికి అక్కడికక్కడే జరిమానా, లైసెన్సు మీద తప్పు పాయింట్లు వేయగలుగుతున్నారు. 100 పౌండ్లు, 3 పాయింట్లు. మరీ దగ్గరగా వెనక తగులుకుని నడిపేవాళ్లకూ అంతే. టెస్టు పాసైన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది, మళ్లీ మొదటినుంచి రాసుకోవాలి. కొత్త స్టీరింగ్ గారూ, ఇది మీకు.

వాడి స్పీడు వాడిది, వాడి పాయింట్లు వాడివి. దాన్ని సరిదిద్దే ఉద్యోగం మనకెవరూ ఇవ్వలేదు.

ఎడమ లేన్‌లో వరసగా లారీలుంటే, ప్రతి సందులోకీ దూరి మళ్లీ బయటికి రమ్మని ఎవరూ అనరు. పది పదిహేను సెకన్లైనా ఎడమ లేన్‌లో హాయిగా నడపగలిగేంత సందు ఉంటే వెళ్లండి, లేకపోతే ఉండండి. ఇది నా లెక్క, కోడ్‌లో లేదు.

రాత్రి షిఫ్టు:
నేను రాత్రిళ్లు ఎం6 మీద వెళ్లొస్తుంటాను. ఒంటిగంటకి రోడ్డంతా ఖాళీ, అయినా మధ్య లేన్‌లో ఒక కారు. ఎడమ లేన్‌లో వెళ్తున్న నేను ఏం చేయాలి? ఎడమ నుంచే దాటకూడదు. కాబట్టి రెండు లేన్లు కుడికి దాటి, మళ్లీ రెండు లేన్లు ఎడమకు రావాలి. ఆయన ఒక్క లేన్ జరిగి ఉంటే నాకు నాలుగు మార్పుల్లో రెండు మిగిలేవి. విసుగు తట్టుకోలేక ఎడమ నుంచే పోయేవాళ్లను చాలామందిని చూశాను. అది ఇంకా ప్రమాదం. సరిగ్గా ఆ క్షణానే ఆయనకు ఎడమకు రావాలని బుద్ధి పుడితే?

ట్రాఫిక్ బాగా ఉండి అన్ని లేన్లూ నెమ్మదిగా కదులుతున్నప్పుడు మాత్రం మన లేన్ పక్క లేన్ కంటే ముందుకు పోయినా తప్పు లేదు. దానికోసమని లేన్లు మారుతూ పోవడమే కూడదు.

రెండు సెకన్లు:
నా బాధ వేరు. ముందు కారుకు రెండు సెకన్ల దూరం వదిలి నడుపుతాను. 70 మైళ్ల మీద సెకనుకు 31 మీటర్లు పోతాం, అంటే 62 మీటర్ల ఖాళీ. ఆ స్పీడులో పూర్తిగా ఆగడానికి కోడ్ చెప్పే దూరం 96 మీటర్లు, అందులో 21 మీటర్లు మన కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే అయిపోతాయి. వానైతే ఖాళీ రెట్టింపు ఉండాలి. ఇంత లెక్క వేసి చోటు వదిలితే ఎవరో ఒకరు వచ్చి అందులో దూరతారు. మళ్లీ వెనక్కి తగ్గుతాను, మళ్లీ ఒకరు.

మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత ఒకరోజు లెక్కేశాను. ఒకరు దూరితే నాకు పోయేది రెండు సెకన్లు. పదిమంది దూరినా ఇరవై సెకన్లు. దారిలో ఆగే సర్వీసెస్‌లో కాఫీ కోసం నిలబడే టైములో అది ఏపాటి?

దగ్గరగా తగులుకుంటే ఇంకో నష్టం ఉంది. జపాన్‌లో పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే స్పీడులో నడపమన్నారు, ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. అడ్డంకి ఏమీ లేదు, సిగ్నల్ లేదు. కాసేపటికి ఒకరు కొంచెం తగ్గారు, వెనకాయన ఇంకాస్త, ఆ వెనకాయన మరికాస్త. చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఆ జామ్ అలలాగా వెనక్కి వెనక్కి జరుగుతూ పోయింది. ఎం25 మీద అరగంట ఇరుక్కుని, తీరా ముందుకెళ్తే అక్కడ యాక్సిడెంటూ లేదు, పనులూ లేవు. ఎన్నోసార్లు జరిగేది ఇదే. 1995 నుంచి ఎం25 పడమటి వైపు గాంట్రీల (రోడ్డుకు అడ్డంగా పైన ఉండే బోర్డుల కమానుల) మీద 60, 50, 40 అని చూపించేది ఈ ఆగడాలూ కదలడాలూ తగ్గించడానికే. ఖాళీగానే ఉందిగా, 50 ఎందుకు అని తొక్కేవాళ్లు ముందున్న జామ్‌ను ఇంకా పెంచుతున్నట్టే.

హారన్ మర్చిపోయినవాడు:
లైట్ల విషయానికి వద్దాం. మన దగ్గర హైబీమ్ కొడితే "నేనొస్తున్నా, తప్పుకో" అని అర్థం. ఇక్కడ ఊళ్లో కొడితే "మీరు వెళ్లండి" అంటారు. ఒకాయన మొదటి అర్థంతో, ఇంకొకాయన రెండో అర్థంతో ఎదురుపడితే బానెట్లు కలుసుకోవడమే. కోడ్ 110వ రూలు రెండిటినీ ఒప్పుకోదు. లైటు కొట్టేది "నేనిక్కడున్నా" అని తెలియజేయడానికి మాత్రమే. కుడి లేన్‌లో వెనక అంటుకుని లైట్లు కొట్టేవాళ్లకు ఏ సమర్థనా లేదు. అలాంటివాడు వెనక తగిలితే బ్రేకు తొక్కి బెదిరించే ఆలోచన పెట్టుకోకండి. సందు దొరగ్గానే ఎడమకు వచ్చేసి పోనివ్వండి.

మా నాన్నగారు వచ్చినప్పుడు ఎం40 మీద తీసుకెళ్లాను. గంటసేపు కిటికీలోంచి చూసి, "ఏరా, ఒక్క హారనూ లేదు, ఊళ్లో ఎవరైనా పోయారా?" అన్నారు.

లారీ బాబాయ్:
హహ! నాన్నగారిని ఒకరోజు నా క్యాబిన్లో కూర్చోబెట్టండి.

మా వాళ్ల తప్పు కూడా చెప్పాలి. ఒక లారీ 56, ముందున్నది 55. ఈయన దాటడానికి బయల్దేరతాడు. గంటకు ఒక మైలు తేడాతో దాటడం పూర్తవడానికి మూడు నిమిషాలు, అంటే దాదాపు మూడు మైళ్లు. అంతసేపూ వెనక కార్లు బారులు తీరతాయి. ఇక్కడ మర్యాద ఎడమన ఉన్నాయన చేతిలో ఉంది. కాలు కాస్త పైకి తీస్తే అరనిమిషంలో తేలిపోతుంది. తీయరు. కొందరికి అదొక పంతం. రెండే లేన్లున్న రోడ్డు మీద ఈ పంతం చూస్తే నాకే సిగ్గేస్తుంది.

రాత్రి షిఫ్టు:
రోడ్డు పనుల దగ్గర కుడి లేన్ మూసేస్తారు కదా. అందరూ అరమైలు ముందే ఎడమ క్యూలో చేరిపోతారు, ఖాళీ లేన్‌లో చివరిదాకా వెళ్లినవాడిని దొంగలా చూస్తారు. మీరేం చేస్తారు?

రెండు సెకన్లు:
చివరిదాకా వెళ్తాను. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో వంతులవారీగా ఒకరి తర్వాత ఒకరు కలవమని కోడే చెబుతోంది, 134వ రూలు. రెండు లేన్లూ వాడితే క్యూ సగం పొడవే ఉంటుంది, వెనక జంక్షన్ మూసుకుపోదు. ట్రాఫిక్ వేగంగా పోతున్నప్పుడు మాత్రం ఇది కాదు, ముందే కలిసిపోవాలి.

అరవై ఐదు చాలు:
నేనైతే ముందే కలుస్తా, నాకు ఆ చూపులు పడవు. రెండు లేన్ల మధ్య అడ్డంగా నడిపి ఎవర్నీ పోనివ్వని లారీలు కూడా చూశాను. బాబాయ్ గారు ఏమంటారో?

లారీ బాబాయ్:
నేనలా చేయను. అది పోలీసుల పని.

ఎర్ర గుర్తు:
ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. నా కారు హార్డ్ షోల్డర్ (ఆపదలో ఆగడానికి రోడ్డు ఎడమ అంచున ఉండే పట్టీ) మీద ఆగిపోయింది ఒకసారి. ఎడమ తలుపు నుంచి దిగి, రైలింగ్ అవతల గట్టు ఎక్కి నిలబడ్డాను, కోడ్ చెప్పినట్టే. పక్కనుంచి లారీ పోయిన ప్రతిసారీ కారు మొత్తం ఊగింది. అద్దాలు కూడా చప్పుడు చేస్తాయి. లోపల కూర్చుని ఉంటే ఏమనిపించేదో ఊహించుకోండి. కొందరు మధ్య లేన్‌కు జరిగి చోటిచ్చారు. ఎవరో కూడా తెలియని ఆ కొందరికి అప్పుడు దండం పెట్టుకున్నాను.

హార్డ్ షోల్డర్ లేని స్మార్ట్ మోటార్‌వేల మీద లేన్‌లోనే ఆగిపోయినవాళ్లకు రక్ష గాంట్రీ మీద, ఈ లేన్ మూసేశాం అని చెప్పే ఎర్ర ఎక్స్ గుర్తే. "ఇక్కడ ఏమీ కనిపించట్లేదుగా" అని దాని కింద పోయేవాళ్లుంటారు. ఆగిపోయిన కారు ముందు మలుపులో ఉండవచ్చు. 2019 జూన్ నుంచి కెమెరాలే పట్టుకుంటున్నాయి, 100 పౌండ్లు, 3 పాయింట్లు.

కొత్త స్టీరింగ్:
అందరికీ థాంక్స్ అండి. మాస్టారు చెప్పినట్టు స్లిప్ రోడ్డు మొదట్లోనే చూసి ఎక్కాను, తేడా తెలిసింది. మావారికి 259 చూపించాను, "సరే కానీ మర్యాద అనేది ఒకటుంటుందిగా" అన్నారు. ఆఖరి సందేహం: ఎవరైనా చోటిస్తే హజార్డ్ లైట్లు రెండుసార్లు వేసి థాంక్స్ చెప్పవచ్చా? అందరూ వేస్తున్నారు.

ఎల్ ప్లేట్ మాస్టారు:
వేస్తారు కానీ కోడ్ ప్రకారం కాదు. నడుస్తున్న బండిలో హజార్డ్ లైట్లు వేయదగ్గది మోటార్‌వే మీద, లేదా అలాంటి వేగమున్న డ్యూయల్ క్యారేజ్‌వే (మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు) మీద, అదీ ముందు ఏదో అడ్డం ఉంది, తగ్గండి అని వెనకవాళ్లను హెచ్చరించడానికి. థాంక్స్ కోసం వేస్తే వెనకాయన ఏదో జరిగిందనుకుని బ్రేకు వేయవచ్చు. అద్దంలో కనిపించేలా చెయ్యి ఎత్తండి. రాత్రయితే అదీ వద్దు.

లారీ బాబాయ్:
మాకు థాంక్సులేమీ వద్దు తల్లీ. నన్ను దాటాక నా బంపర్ ముందుకు దూరిపోకుండా, అద్దంలో నా రెండు హెడ్‌లైట్లూ పూర్తిగా కనిపించాక లేన్‌లోకి వస్తే అదే పదివేలు. దిగే జంక్షన్ వస్తే 300, 200, 100 గజాల బోర్డులుంటాయి, మూడు గీతలు, రెండు, ఒకటి. అవి కనిపించేసరికే మీరు ఎడమ లేన్‌లో ఉండాలి. ఒక గీత బోర్డు దగ్గర మూడు లేన్లు కోసుకుంటూ నా ముందునుంచి దిగేవాళ్లు వారానికొకరైనా తగులుతారు. దాటిపోతే తర్వాతి జంక్షన్లో దిగి వెనక్కి రండి, ఏం కొంప మునగదు.