ఈవారం సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి): కొండ కడలి గలిసె కుండలోన

అడ్మిన్: కార్తీకం కదా, పూరణలో ఉసిరి తగలాలి. నిన్న పూర్ణామార్కెట్లో ఉసిరికాయల గంపా రాళ్ళుప్పు బస్తా పక్కపక్కనే చూశాక పుట్టిన లైను.

పెదవాల్తేరు బాబాయ్:
ఉసిరి మన్యమందు, నుప్పేమొ నౌపడ
కలుపుటెల్ల దైవ ఘటన గాదె
అమ్మ చేతి జాడి యందు నూరగ నేడు
కొండ కడలి గలిసె కుండలోన

ఎంవీపీ మేష్టారు: 'అడవిలో ఉసిరికాయ, సముద్రంలో ఉప్పు' సామెతకి గణాలు కట్టేశారు. ఉప్పుకి పేరున్న 'నౌపడ' మాత్రం నిజంగా నచ్చింది. కానీ మూడో పాదంలో జాడీ నాలుగో పాదానికి కుండెలా అయింది బాబాయ్? పోయిన కార్తీకంలోనూ ఇంతే, వనభోజనాలకి మమ్మల్ని రాచ ఉసిరి కింద కూర్చోబెట్టారు. అది వేరే చెట్టండీ, దీపం పెట్టేది పెద్ద ఉసిరి.

పెదవాల్తేరు బాబాయ్: ఏడాదైనా ఆ చెట్టు దిగలేదా మీరు? సరే, 'అమ్మ మట్టిపాత్ర యందు' అని మార్చుకోండి. ఏదీ మీది?

ఎంవీపీ మేష్టారు:
వింధ్యగర్వ మణచి వెస నబ్ధి తాగెను
చేతి యుసిరి వోలె జేసి మౌని
కుంభజుండు గాన కొంకేల? చూడుడీ
కొండ కడలి గలిసె కుండలోన

సీతమ్మధార అత్త: కుండలో పుట్టినవాడని కుండని అగస్త్యుణ్ణి చేశారే, పైగా కరతలామలకం, అరచేతిలో ఉసిరి! బాబాయ్ గారూ, మట్టిపాత్ర మాత్రం వద్దు. మా అత్తగారు ఉసిరికాయలు దంచి, గింజ తీసి, పసుపూ రాళ్ళుప్పూ కలిపి జాడీలోనే పెట్టి మూడోరోజు తిరగ కలిపేవారు. ఒకసారి జాడీ చాలక నేను కొంచెం కొత్తకుండలో పెడితే, ఉప్పూట బయటికి చెమర్చి కుండంతా తెల్లగా పూత దిగింది. ఆవిడ ఏమీ అనలేదు, తడిగుడ్డ చేతికిచ్చారు.

గాజువాక కుర్రోడు: నాది మూడో పాదం దగ్గరే ఆగింది, టెన్షన్‌గా ఉంది. 'ఉసిరి కొరికి నీళ్ళు గుక్కెడు తాగితే'... తర్వాత తీపి తేవాలి.

ఎంవీపీ మేష్టారు: తీపి తర్వాత, ముందు యతి, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలి. ఉ కి గు పడదు. 'నీళ్ళ నొక గుక్క తాగితే' అను.

పెదవాల్తేరు బాబాయ్: కుర్రాడికి చెప్పారు సరే, మీ 'వెస' సంగతేంటి? యతి కోసం అద్దెకి తెచ్చిన మాట కాదూ? పైగా అగస్త్యుడు కడలిని తాగాడు, ఒప్పుకుంటాను. వింధ్యని వంగమన్నాడే గానీ మింగలేదుగా, కొండ కుండలోకి ఎలా వచ్చింది?

ఎంవీపీ మేష్టారు: గర్వం మింగాడండీ.

పెదవాల్తేరు బాబాయ్: అది పద్యంలో లేదు, 'అణచి' అని ఉంది.

సీతమ్మధార అత్త: ఆదివారం పూట ఉసిరి జోలికి పోవద్దంటారు, ఇందుకే కాబోలు.