పాత ల్యాప్‌టాప్‌ల ప్లాస్మా ఎక్కించాల్నా, ఎక్స్‌ఎఫ్‌సిఇతోని సరిపెట్టుకోవాల్నా?

అచ్చంపేట_గ్రూప్స్:
అందరికీ నమస్తే. మా ల్యాప్‌టాప్: ఐ3-3110ఎం, 4 జీబీ ర్యామ్ (ఒక్కటే స్టిక్కు), 500 జీబీ హార్డ్‌డిస్కు, 1366×768 స్క్రీను. బ్యాటరీ పోయింది, చార్జర్ మీదనే నడుస్తది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తోని సపోర్టు బందైంది, 11 దీనికి ఎక్కదు. పని: పీడీఎఫ్‌లు, యూట్యూబ్ క్లాసులు, తెలుగు టైపింగు. నేను, మా చెల్లె ఇద్దరం వాడుతం. డెబియన్ 13 (లినక్స్‌ల ఒక రకం) మీద కెడిఇ ప్లాస్మా అనే డెస్క్‌టాప్ పెట్టుకోవాలని ఉన్నది, అన్నీ మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చని. 4 జీబీల నడుస్తదా, లేకుంటే ఎక్స్‌ఎఫ్‌సిఇ అనే తేలిక డెస్క్‌టాప్ పెట్టుకోవాల్నా?

పాలమూరు_పెంగ్విన్:
నడుస్తది తమ్మీ. కాని ఎక్కించే తీరు ముఖ్యం.

ఇన్‌స్టాలర్‌ల కెడిఇకి టిక్కు పెడితే మెయిల్ ప్రోగ్రాములు కూడ వస్తయి. అవి తెరిస్తే వెనక అకొనాది అనే మెయిల్ డేటా సర్వీసు, దాని వెనక ఒక డేటాబేస్ సర్వరు లేస్తయి. మెయిల్ బ్రౌజర్‌లనే చూసేటోళ్లకు అది ఉత్త బరువు. డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి బేస్ సిస్టమ్ ఒక్కటే ఎక్కించు. రీస్టార్ట్ అయినంక ‘కెడిఇ-ప్లాస్మా-డెస్క్‌టాప్’, ‘ప్లాస్మా-ఎన్‌ఎం’, ఫైర్‌ఫాక్స్ ఏపీటీ కమాండ్‌తోని వేసుకో. ఇక్కడ ఒక చిక్కుంటది: ఇన్‌స్టాలర్‌ల ఇచ్చిన వైఫై వివరాలు ఈటీసీ ఫోల్డర్‌ల నెట్‌వర్క్ కింద ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైల్‌ల కూర్చుంటయి. ఆ లైన్ల ముందట హ్యాష్ గుర్తు పెట్టకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ కార్డును ముట్టుకోదు, ప్యానెల్‌ల వైఫై కనపడదు.

డెస్క్‌టాప్ వచ్చినంక సిస్టమ్ సెట్టింగ్స్ తెరువు. ‘ఫైల్ సెర్చ్’ల ఇండెక్సింగు తీసెయ్యి. బాలూ అనేది నీ ఫైళ్లన్నీ చదువుకుంట కూర్చుంటది, హార్డ్‌డిస్కు మీద మొదటి రెండు మూడు గంటలు మెషీన్ కదలకపోవడానికి సగం కారణం అదే. పాత ఇండెక్సు పోవాలంటే టెర్మినల్‌ల ‘బాలూసీటీఎల్6 పర్జ్’. సెషన్ సెట్టింగుల ‘ఖాళీ సెషన్’ పెట్టు, లేకుంటే నిన్న తెరిచి పెట్టినవన్నీ ఇయ్యాల మళ్ల లేస్తయి. డెస్క్‌టాప్ ఎఫెక్టుల బ్లర్ తీసెయ్యి. 768 ఎత్తు స్క్రీన్‌ల తేలే ప్యానెల్ జాగ తింటది. ‘ఫ్లోటింగ్’ తీసేసి ఎత్తు 32కు తగ్గించు.

ఇగ జెడ్‌ర్యామ్. ‘జెడ్‌ర్యామ్-టూల్స్’ వేసి, ఈటీసీ కింద డీఫాల్ట్ ఫోల్డర్‌ల ‘జెడ్‌ర్యామ్‌స్వాప్’ ఫైల్‌ల ఆల్గో జెడ్‌ఎస్‌టీడీ, పర్సెంట్ 50 అని రాయి. ర్యామ్ నిండితే వాడకంల లేని డేటా డిస్కుకు పోకుంట ర్యామ్‌లనే కుదించుకొని ఉంటది. 4 జీబీ మెషీన్‌కు ఇంతకు మించిన ఫుకట్ మందు లేదు.

దేవరకొండ_రిపేర్:
తమ్మీ, ఆయన రాసింది చదివినవు గద. ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌ల హ్యాష్ పెట్టాలె, బాలూ ఆపాలె, బ్లర్ తియ్యాలె. తీసెయ్యడానికే ఇంత పనుంటే పెట్టుడెందుకు? ఎక్స్‌ఎఫ్‌సిఇ 4.20 డెబియన్ 13లనే ఉన్నది, టిక్కు పెట్టు, అయిపాయె. లేచినంక ఎక్స్‌ఎఫ్‌సిఇ 650 ఎంబీల ఉంటది, ప్లాస్మా 1.1 జీబీ తింటది. నీకున్నది నాలుగు, అందుల గ్రాఫిక్స్‌కు కొంత పోతది. లెక్క నువ్వే చేసుకో.

నకిరేకల్_నోట్స్:
ఎల్‌ఎక్స్‌క్యూటి అనే తేలిక డెస్క్‌టాప్ గూడ చూడున్రి.

పాలమూరు_పెంగ్విన్:
రిపేరన్నా, 1.1 అని ఏ కాలమ్ చూసి చెప్తున్నవు? ర్యామ్ లెక్క చూపెట్టే ‘ఫ్రీ’ కమాండ్‌ల చూడాల్సింది ‘అవైలబుల్’. ఖాళీగున్న ర్యామ్‌ల లినక్స్ డిస్కు ఫైళ్లను దాచిపెడుతది, అడిగినప్పుడు ఇడిచిపెడుతది. నువ్వు మెషీన్ లేచిన నిమిషంలనే కొలిస్తే అప్‌డేట్లు వెతికే డిస్కవర్ కూడ అండ్లనే ఉంటది. ఐదు నిమిషాలు ఆగి కొలువు. నేను చెప్పినట్టు బేస్ మీద వేస్తే ఎక్స్‌ఎఫ్‌సిఇకి, ప్లాస్మాకు తేడా రెండు మూడు వందల ఎంబీ దాటదు.

దేవరకొండ_రిపేర్:
అవైలబులే చూసిన. రెండు మూడు వందలు అంటే తక్కువనా? నాలుగు జీబీల అది రెండు ట్యాబులు.

పాలమూరు_పెంగ్విన్:
రెండు కాదు. యూట్యూబ్ ట్యాబు ఒక్కటే అంతకంటె ఎక్కువ తింటది. డెస్క్‌టాప్ మార్చి నువ్వు మిగిల్చేది ఒక ట్యాబు.

దేవరకొండ_రిపేర్:
ఒకటో రెండో, మిగిలింది మిగిలినట్టే గద. యూజ్డ్ ఎంతున్నదో స్క్రీన్‌షాట్ పెట్టు.

పాలమూరు_పెంగ్విన్:
మళ్ల యూజ్డే అంటున్నవు.

మిర్యాలగూడ_డిటిపి:
ఇద్దరూ ర్యామ్ దగ్గరే ఆగిపోయారు. అడిగిన తమ్ముడి పని యూట్యూబ్ క్లాసులు. ఆ మెషీన్‌లో ఉన్నది ఇంటెల్ హెచ్‌డి 4000 గ్రాఫిక్స్. అది హెచ్.264 అనే ఫార్మాట్ వీడియోను హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, వీపీ9 అనే ఇంకో ఫార్మాట్‌ను విప్పలేదు. యూట్యూబ్ మాత్రం ఫైర్‌ఫాక్స్‌కు ఎక్కువగా వీపీ9నే పంపిస్తుంది. అప్పుడు ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, రెండు కోర్లూ కాగుతాయి, ఫ్యాను అరుస్తుంది. చూసేవాళ్లు ‘కెడిఇ బరువు’ అంటారు. ఎక్స్‌ఎఫ్‌సిఇలోనూ అదే ఫ్యాను అలాగే అరుస్తుంది.

చేయాల్సింది ఇదీ: ‘ఐ965-వీఏ-డ్రైవర్’ ప్యాకేజీ వేయండి. ఈ తరం చిప్పుకు అదే. కొత్త ‘ఇంటెల్-మీడియా’ డ్రైవరు ఐదో తరం నుంచి మొదలవుతుంది. తర్వాత ‘వీఏఇన్ఫో’ నడిపి, హెచ్.264 పేరున్న వరుసల్లో చివర వీఎల్‌డీ అని ఉందేమో చూడండి, ఉంటే ఆ వీడియోను హార్డ్‌వేర్ విప్పగలదని అర్థం. ఫైర్‌ఫాక్స్‌లో ‘హెచ్264ఇఫై’ అనే ఎక్స్‌టెన్షన్ పెడితే యూట్యూబ్ ఆ ఫార్మాట్‌నే ఇస్తుంది. 720పీలో ఆపండి, స్క్రీన్ ఎత్తే 768. వీడియో ఆడుతుండగా టెర్మినల్‌లో ‘టాప్’ నడిపి, ఎక్స్‌టెన్షన్ ముందూ తర్వాతా ఫైర్‌ఫాక్స్ వరుసలో ప్రాసెసర్ శాతం పోల్చుకోండి. డెస్క్‌టాప్ మార్చితే రాని తేడా అక్కడ కనిపిస్తుంది.

తెలుగు టైపింగు యూనికోడ్‌లో అయితే రెండు డెస్క్‌టాపుల్లోనూ ఇబ్బంది లేదు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ కలపడమే. ఇన్‌స్క్రిప్ట్ వద్దనుకుంటే ధ్వని ప్రకారం టైపు చేసే కగప కూడా అక్కడే ఉంది. అను ఫాంట్లలో చేసిన ఫైళ్లు ఉంటే మాత్రం ముందే చెప్పండి. అవి యూనికోడ్ కావు, లిబ్రఆఫీస్‌లో పిచ్చి అక్షరాలుగా తెరుచుకుంటాయి. విండోస్ ఉండగానే మార్చి పెట్టుకోవాలి.

సూర్యాపేట_రూటర్:
ముందు లైవ్ యూఎస్‌బీల (డిస్కు మీద ఎక్కియ్యకుంట పెన్‌డ్రైవ్ నుంచే నడిపేది) చూడున్రి. వేగం చూసేటందుకు కాదు, వైఫై, సౌండు, బ్రైట్‌నెస్ కీలు, నిద్రపోయి లేస్తదా లేదా. వైఫై బ్రాడ్‌కామ్‌ది అయితే డ్రైవర్ లోపల ఉండకపోవచ్చు, ఫోన్‌తోని యూఎస్‌బీ టెదరింగు పెట్టి నెట్ తెచ్చుకోవాలె.

పాలమూరు_పెంగ్విన్:
డిటిపి మేడం చెప్పింది వంద పాళ్లు నిజం. ఇంకో మాట కలుపుత. ఒక్క స్టిక్కు ఉన్నదంటే సింగిల్ చానెల్, అంటే ర్యామ్‌కు ఒక్కటే దారి. హెచ్‌డి 4000కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటది. అంత సైజుదే రెండో స్టిక్కు పెడితే ర్యామ్ 8 జీబీ అయితది, గ్రాఫిక్స్‌కు దారి కూడ రెండింతలైతది. అప్పుడు ప్లాస్మా బరువు మాటే రాదు.

దేవరకొండ_రిపేర్:
8 జీబీ పెడితే ఏదైనా నడుస్తది, అది జవాబు కాదు. పోరగాడు అడిగింది 4 జీబీల సంగతి. నువ్వు ప్లాస్మా అంటవ్, మాట నిలవకపోతే ర్యామ్ కొనుమంటవ్. ఎటు తిప్పినా ప్లాస్మానే గెలవాల్నా? నీ గ్రూపుల పెట్టే డాకులు (ఐకాన్ల పట్టీలు), పారదర్శకం ప్యానెళ్ల ఫొటోలు చూసి పెట్టిచ్చుకున్నోళ్లు నా దుకాణంకొస్తున్నరు.

పాలమూరు_పెంగ్విన్:
వస్తే ఏమన్నవు వాళ్లతోని? ‘ఇది మనకొద్దు’ అని తీసేసి బూడిదరంగు ప్యానెల్ ఒకటి పెట్టిచ్చి పంపినవు. మార్చుకోనీకి ఏమున్నదో చూపెట్టలే. వాళ్ల మెషీన్ అది, నీది కాదు.

దేవరకొండ_రిపేర్:
నాది కాదు గని ఫోను నాకొస్తది! ఒక ట్రైనింగ్ సెంటరోళ్లు పిల్లగాండ్లకు డాకులు, విడ్జెట్లు పెట్టిచ్చి, నేర్పిచ్చినమని పైసలు తీసుకొని ఎల్లిపోయిన్రు. రాత్రి పది గంటలకు ‘అన్నా, కింద పట్టీ పోయింది, స్టార్ట్ బటన్ లేదు, పొద్దున ఆన్‌లైన్ పరీక్షున్నది’ అని ఫోను. ఒక్కరు కాదు, ఆ బ్యాచుల పదిమందికి మీద. ప్యానెల్ మీద రైట్‌క్లిక్ చేసి ఎడిట్ మోడ్‌లకు పోతరు, తెల్వక తీసేస్తరు. నువ్వు మెగాబైట్లు లెక్కపెడుతున్నవు. నాకు మెగాబైట్ల బాధ లేదు. పెట్టినోడు పోయినంక ఎవరు చూసుకుంటరు, గది చెప్పు.

పాలమూరు_పెంగ్విన్:
ఇదే మొదట్నే అనుంటే 1.1 జీబీ దగ్గర కొట్లాడేటోళ్లమే కాదు.

దేవరకొండ_రిపేర్:
ఇప్పుడన్న గద.

మిర్యాలగూడ_డిటిపి:
దానికి దారి ఉందండీ. ప్లాస్మాలో కియోస్క్ అనే తాళం మొదట్నుంచీ ఉంది. వాడుకరి కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ‘కెడిఇగ్లోబల్స్’ ఫైలు తెరిచి, ‘కెడిఇ యాక్షన్ రిస్ట్రిక్షన్స్’ అనే శీర్షిక చదరపు బ్రాకెట్లలో రాసి, దాని పక్కనే ఇంకో చదరపు బ్రాకెట్‌లో డాలర్ గుర్తు, ఐ అక్షరం పెట్టాలి. కింద ‘ప్లాస్మా/ప్లాస్మాషెల్/అన్‌లాక్‌డ్‌డెస్క్‌టాప్’ విలువ ఫాల్స్. లాగౌట్ అయి వస్తే ఎడిట్ మోడ్ మెనూలో ఉండదు, ప్యానెల్ కదలదు. మా దగ్గర ఇద్దరు ముగ్గురు మారి కూర్చునే సీట్లకు ఇదే సరిపోతుంది.

దేవరకొండ_రిపేర్:
ఇది నాకు తెల్వది. పనికొస్తది. గిట్ల చేసి ఇస్తే ప్లాస్మాకు నేను అడ్డం చెప్ప.

పాలమూరు_పెంగ్విన్:
నేను చెప్త. డిటిపి సెంటర్ల తాళం సరే, అక్కడ సీటు ఎవరిదీ కాదు. ఇంట్ల ఉన్న మెషీన్‌కు తాళమేస్తే ప్లాస్మా పెట్టిందెందుకు? అన్నా, తాళం బదులు తిరిగి తెచ్చుకునే దారి చూపెట్టు. ప్యానెల్, విడ్జెట్ల అమరిక అంతా కాన్ఫిగ్ ఫోల్డర్‌ల ఒక్క ఫైల్‌ల ఉంటది, పేరు చివర ‘యాప్లెట్స్‌ఆర్‌సీ’ అని ఉంటది. అంతా కుదిరిన రోజు దాన్ని ఇంకో ఫోల్డర్‌ల కాపీ పెట్టుకోవాలె. ప్యానెల్ పోతే కంట్రోల్-ఆల్ట్-టీ కొడితే టెర్మినల్ తెరుచుకుంటది, దానికి ప్యానెల్ అక్కర్లే. ‘కేక్విట్‌యాప్6 ప్లాస్మాషెల్’ అని ఆపి, కాపీని పాత జాగల పెట్టి, ‘కేస్టార్ట్ ప్లాస్మాషెల్’. ముందు ఆపాలె, ఆపకుంట కాపీ చేస్తే బందయ్యేటప్పుడు తన అమరికను మళ్ల దాని మీద రాసేస్తది. ఇంత కూడ వద్దనుకుంటే ఖాళీ డెస్క్‌టాప్ మీద రైట్‌క్లిక్, ఎడిట్ మోడ్, పైన ‘యాడ్ ప్యానెల్’ల ‘డీఫాల్ట్ ప్యానెల్’.

దేవరకొండ_రిపేర్:
రాత్రి పదింటికి భయపడ్డ పిల్ల ఇవన్నీ చేస్తదా?

పాలమూరు_పెంగ్విన్:
ఒకసారి పగటిపూట చేసి చూపెడితే చేస్తది. నువ్వు చేస్తదని అనుకుంటలేవు, నేను అనుకుంటున్న. మన తేడా అదొక్కటే.

దేవరకొండ_రిపేర్:
పరీక్ష తప్పితే నీ అనుకునుడు పనికిరాదు.

అచ్చంపేట_గ్రూప్స్:
అన్నా, అక్కా, మస్తు సంగతులు చెప్పిన్రు. చెల్లెకు చదివి వినిపిచ్చిన. తాళం వద్దన్నది, ప్యానెల్ ఎడమ పక్కకు పెట్టుకుంటదట, పీడీఎఫ్‌కు ఎత్తు కలిసొస్తదని. లైవ్ యూఎస్‌బీల వైఫై, సౌండు మంచిగనే ఉన్నయి. అండ్లనే డిస్కు ఎట్లున్నదో చెప్పే ‘స్మార్ట్‌సీటీఎల్’ నడిపిన: 5 నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు 16, 197 నంబరు పెండింగ్ సెక్టార్లు 24 చూపెట్టింది. ఇది మంచిదేనా?

దేవరకొండ_రిపేర్:
మంచిది కాదు తమ్మీ. పెండింగ్ 24 అంటే చదవస్తలేని జాగలు. ఆ డిస్కు మీద ఏదీ ఎక్కియ్యకు, ప్లాస్మా లేదు, ఎక్స్‌ఎఫ్‌సిఇ లేదు. ఇయ్యాలనే మీ పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌కు తీసుకోన్రి, ముఖ్యమైనవి ముందు. 2.5 ఇంచుల సాటా ఎస్‌ఎస్‌డీ 240 జీబీది తెచ్చుకో. పాత డిస్కు 9.5 మిల్లీమీటర్ల మందముంటది, ఎస్‌ఎస్‌డీ 7 ఉంటది, పాత బ్రాకెట్ల బిగిచ్చి వదులుంటే మందం కలిపే ప్లాస్టిక్ ఫ్రేము పెట్టు, లేకుంటే కనెక్టర్ ఊగుతది. ర్యామ్ కొనేటప్పుడు 204 పిన్నుల డీడీఆర్3, 1600ది అడుగు. మీది మూడో తరం, 1.5 ఓల్టుదైనా 1.35దైనా నడుస్తది, నాలుగో తరంకైతే 1.35దే కావాలె, దుకాణంల అది చెప్పకుంట ఇస్తరు. ముందు ఎస్‌ఎస్‌డీ, పైసలు మిగిలితే ర్యామ్.

బ్యాటరీ లేదన్నవు, కరెంటు పోతే మెషీన్ టక్కున ఆగుతది. ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ల ఉండే జర్నల్‌తోని సిస్టమ్ మళ్ల లేస్తది గని రాసుకున్నది పోతది. లిబ్రఆఫీస్‌ల ఆటోసేవ్ రెండు నిమిషాలకు పెట్టుకో.

ప్లాస్మానే పెట్టుకోన్రి. కాపీ తిరిగి పెట్టే ఆ కమాండ్లు కాయితం మీద రాసి, ల్యాప్‌టాప్ అడుగున గాలి పోయే జాలి మూసుకుపోకుంట అంటియ్యి. చెల్లెతోని రెండుసార్లు ప్యానెల్ తీపిచ్చి మళ్ల తెప్పియ్యి. మూడోసారి తానే చేస్తే నాకు ఇక్కడ రాయి.