అప్‌డేట్: 10×10 గదిలో ఆఫీసు, చుట్టాల గది సర్దుకున్నాయి

అమలాపురంలో మా చిన్న గదిని వర్క్ ఫ్రం హోమ్‌కీ, చుట్టాలకీ తక్కువ ఖర్చులో ఎలా సర్దాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

గోడకు మడత బల్ల అన్న సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. అటక మీది పాత టేకు తలుపు రెక్కకే వడ్రంగి బందులు వేసి బిగించాడు. పైకెత్తి గడియ పెడితే ఆ జాగాలో నవారు మంచం పడుతోంది. సోఫా కమ్ బెడ్ అవసరమే రాలేదు.

వాల్‌పేపర్ ఏ రంగు అన్న చర్చ కూడా అక్కర్లేకపోయింది. గోడ కింద పెచ్చులు చూసి, నేల తేమ పైకి లాగుతోందేమో అనుకున్నాం. మేస్త్రి చూస్తే సన్‌షేడ్ పగులులోంచి వాన నీరు దిగుతోంది! అది పూడ్చి, గోడ పూర్తిగా ఆరనిచ్చి తెల్లరంగు వేయించాం. మన కోనసీమ వానలకి ముందు చెమ్మ సంగతి తేల్చుకోండి, అలంకరణ తర్వాత. కిటికీకి నరసాపురం లేసు తెర కట్టాం, చాలా బాగుంది.