ఇంటర్‌సెక్స్ పిల్లల కేసులు వాదించిన వకీళ్లు ఎవరైనా ఉన్నారా?

హన్మకొండ కోర్టులో మూడేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్నా. పోయిన వారం ఒక జంట ఐదు నెలల బిడ్డతో వచ్చింది, ఆడ మగ లక్షణాలు రెండూ ఉన్నాయట, ఆపరేషన్ చేసి ఏదో ఒకటి ఖాయం చేద్దామని డాక్టర్ తొందరపెడుతున్నాడట. మాట్లాడినంతసేపూ ఆ తల్లి బిడ్డ మీద కప్పిన కొంగు తీయలేదు. 2019లో మద్రాస్ హైకోర్టు అరుణ్‌కుమార్ కేసులో పసిపిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు ఆపమంది, ప్రాణాపాయం ఉంటే తప్ప చేయొద్దని తమిళనాడులో జీవో కూడా వచ్చింది. ఆ తీర్పు పట్టుకుని మన హైకోర్టులో రిట్ వేస్తే నిలుస్తుందా? వాళ్ల పేర్లు బయటికి రాకుండా ఎట్లా వేయాలి? నాకైతే ఇదే పనిలో ఉండిపోవాలనుంది, మా సీనియర్ మాత్రం కెరీర్ పాడవుతుందంటున్నారు. ఇందులో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి?