‘సొలేరా 1792’ని ఎంతవరకు నమ్మాలి? ముప్ఫై ఏళ్ల ముద్ర లేని పాత షెర్రీ కొనొచ్చా?

పాతసీసా:
అందరికీ నమస్కారం. మా బావగారి షష్టిపూర్తికి ఒక మంచి పాత షెర్రీ (స్పెయిన్‌లోని హెరెజ్ ప్రాంతపు వైన్) ఇద్దామనుకుంటున్నాను. ఆయన స్కాచ్ మనిషి, షెర్రీ పీపాల్లో పెట్టిన విస్కీ అంటే పడి చస్తారు. అసలు షెర్రీ ఎలా ఉంటుందో రుచి చూపిద్దామని ఆశ. వెతికి వెతికి రెండు సీసాల దగ్గర ఆగాను. ఒకటి ఓస్‌బోర్న్ వాళ్ల సిబరీతా, ఒలొరోసో రకం షెర్రీ. లేబుల్ మీద 1792 నాటి సొలేరా అని, వీఓఆర్ఎస్ (ముప్ఫై ఏళ్లు దాటిందనే ముద్ర) అని రెండూ ఉన్నాయి. రెండోది ఎమిలియో ఇదాల్గో అనే పాత కుటుంబ వైనరీది, ప్రివిలేహియో 1860. దాని మీద ఏ ముద్రా లేదు. షాపతనేమో రెండూ నూటయాభై ఏళ్లు దాటిన వైన్లే అంటాడు. రెండూ ఖరీదైనవే. ముద్ర లేనిదానికి అంత డబ్బు పోయొచ్చా?

కెమిస్ట్రీ_మేష్టారు:
ముందు ఆ షాపతని మాట పక్కన పెట్టండి. లేబుల్ మీది సంవత్సరం పీపాల వరస మొదలుపెట్టినది, వైన్‌ది కాదు. సొలేరా పద్ధతిలో పీపాలు వరసలు వరసలుగా ఉంటాయి. అన్నిటికంటే పాత వరసలోంచి కొంచెం తీసి సీసాల్లో పోస్తారు, ఆ ఖాళీని దానికంటే చిన్న వయసు వరసతో నింపుతారు. ఆ చిన్న వరసల్ని క్రియాదేరా అంటారు. ఏ పీపానీ పూర్తిగా ఖాళీ చేయరు. మన ఇళ్లలో పెరుగు తోడు లాంటిదే. తోడు అమ్మమ్మ కాలం నాటిది కావచ్చు, గిన్నెలో పెరుగు మాత్రం నిన్న రాత్రిది.

లెక్క కావాలంటే, లెక్క తేలిగ్గా ఉండటానికి ఒకే పీపా అనుకోండి. ఏటా పదో వంతు తీసి కొత్తది పోస్తూ పోతే వందేళ్లకు మొదటి వైన్ మిగిలేది లక్ష పాళ్లలో రెండున్నర పాళ్ల చిల్లర. అర లీటరు సీసాలో అది ఒక చుక్క కూడా కాదు. 1792 అన్న అంకె చరిత్రకే గానీ నాలుకకు పనికిరాదు.

లండన్_లక్ష్మి:
అందుకే కదా మేష్టారూ ముద్ర పెట్టింది! 2000 సంవత్సరంలో హెరెజ్‌లోని షెర్రీ నియంత్రణ మండలి ఈ పద్ధతి తెచ్చింది. సగటు వయసు ఇరవై ఏళ్లు దాటితే వీఓఎస్, ముప్ఫై దాటితే వీఓఆర్ఎస్. అమొంతియాదో, ఒలొరోసో, పాలో కొర్తాదో, పెద్రో హిమెనెజ్ రకాలకే ఇది వర్తిస్తుంది. ఫీనో, మంసనియా అనే లేత రకాలకి కుదరదు. వాటి మీద ఈస్టు పొర బతికి ఉండాలంటే తరచూ కొత్త వైన్ పడుతూనే ఉండాలి.

ముద్ర ఊరికే రాదు. సీసాల్లోకి తీసే ప్రతి లాట్‌నీ బయటి నిపుణుల బృందం రుచి చూస్తుంది, ల్యాబ్‌లో కార్బన్-14 పరీక్ష చేస్తారు. పైగా ఒక లీటరు తీయాలంటే అదే వయసు వైన్ ముప్ఫై లీటర్లు నిల్వ ఉండాలి. ఇంత తనిఖీ ఉన్న సీసా పక్కనే పెట్టుకుని, ఎవరి మాట మీదో ఆధారపడి ఇంకొకటి కొనడం దేనికి? సిబరీతా తీసుకోండి పాతసీసా గారూ, టెన్షన్ ఉండదు.

పీపాల_సుబ్బారావు:
లక్ష్మి గారూ, ఆ ముప్ఫై లీటర్ల రూలు చిన్న కుటుంబాలకి ఎంత బరువో చూడండి. ఒక ఇంట్లో అతి పాత వైన్ నాలుగే పీపాలు ఉందనుకుందాం. పీపాకి అయిదు వందల లీటర్ల చొప్పున రెండు వేల లీటర్లు. రూలు ప్రకారం ఏడాదికి తీయగలిగింది 66 లీటర్లు, అంటే అర లీటరు సీసాలు నూట ముప్ఫై. వాటి కోసం ప్రతిసారీ పరీక్షలు, కాగితాలు, ఎదురుచూపులు. పెద్ద కంపెనీలకి అదొక లెక్క కాదు. పేరున్న చిన్నవాళ్లు ‘మా వైన్ తాగేవాడికి మేం తెలుసు’ అనుకుని ముద్ర జోలికి పోకపోతే అది తప్పా? ముద్ర లేదంటే అడగలేదని అర్థం. అడిగితే ఇవ్వలేదని కాదు. ఎమిలియో ఇదాల్గో వాళ్లని నేను ఆ లెక్కలోనే చూస్తాను.

ఇంకో మాట. ముద్ర వయసుకి హామీ ఇస్తుంది, మీకు నచ్చుతుందని హామీ ఇవ్వదు. ముప్ఫై ఏళ్లు దాటిన ఒలొరోసో చాలామందికి మొదటి గుక్కలో మందులా ఉంటుంది. హెరెజ్‌లో ఎండకి, పొడిగాలికి పీపాలోంచి ఎక్కువగా పోయేది నీరే. మిగిలింది చిక్కబడి ఆల్కహాల్ 20 శాతం దాటుతుంది, చేదూ వగరూ పెరుగుతాయి. ఆ కరకుదనం తగ్గించడానికి చాలా ముద్ర సీసాల్లో కాస్త తియ్యటి పెద్రో హిమెనెజ్ కలుపుతారు. రూల్స్ ఒప్పుకుంటాయి, నాకు మాత్రం మనసొప్పదు.

కెమిస్ట్రీ_మేష్టారు:
ఆ ముప్ఫై లీటర్ల రూలులో ఒక తిరకాసు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ముప్ఫై లీటర్లలో ఏటా ఒకటి తీసి ఒకటి పోస్తే, స్థిరపడ్డాక సగటు వయసు ముప్ఫై ఏళ్లకు వస్తుంది. బాగుంది కదా? కానీ ఆవిరయ్యేదాన్ని కూడా నింపాలి. ఏటా మూడు శాతం పైచిలుకు ఆవిరైతే అదొక లీటరు. ఇప్పుడు పోసేది రెండు లీటర్లు, సగటు పదిహేనుకి పడిపోయింది! మరి ముప్ఫై ఎలా దాటుతుంది? పోసే వైన్‌కే అప్పటికి పదిహేనేళ్లు ఉండాలి. అంటే నిల్వ రూలు ఒక్కటే వయసుని తేల్చదు, వెనకాల క్రియాదేరాలు కూడా పాతవై ఉండాలి. కాబట్టి ముద్రలో అసలు బలం రుచి చూసే బృందానిది, ల్యాబ్‌ది. కార్బన్-14 కూడా ఇన్నేళ్ల వైన్లు కలిసినచోట పుట్టినరోజు చెప్పలేదు. 1950లు, 60లలో అణుపరీక్షల వల్ల గాలిలో ఆ కార్బన్ బాగా పెరిగి తర్వాత తగ్గుతూ వచ్చింది కాబట్టి, మొత్తం మీద ఏ కాలపు ద్రాక్ష ఎక్కువో ఒక అంచనా ఇస్తుంది.

రాయలసీమ_రాజు:
బావగారికి ఇచ్చే సీసాకి కార్బన్ డేటింగా! మా వైపైతే సీల్ చూసి తాగేస్తారు 😀

లండన్_లక్ష్మి:
రాజు గారూ 😀

సుబ్బారావు గారూ, ‘కుటుంబం’ అన్న మాట వినగానే కరిగిపోకండి. పైన చెప్పిన సిబరీతా సొలేరా మొదట దోమెక్ అనే ఇంకో కంపెనీది, ఓస్‌బోర్న్ కుటుంబం చేతికి వచ్చింది ఈ శతాబ్దంలోనే. హెరెజ్‌లో పాత పీపాలు చేతులు మారడం మామూలే. 1983లో స్పెయిన్ ప్రభుత్వం చాలా షెర్రీ వైనరీలున్న రుమాసా గ్రూపుని స్వాధీనం చేసుకున్నప్పుడు ఎన్ని వైనరీలు అటూ ఇటూ అయ్యాయో! ఇంకోవైపు బొదేగాస్ త్రదిసియోన్ ఉంది. ఆ కంపెనీ పెట్టిందే 1998లో, అమ్మేది ఎక్కువగా ముప్ఫై ఏళ్లు దాటిన వైన్. పాత పీపాలు కొని, తీసేది తక్కువగా తీస్తూ, ముద్రతో అమ్ముతారు. అక్కడ పేరుకన్నా ముద్రే సాక్ష్యం. లేకపోతే నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీని ఎవరు నమ్ముతారు?

పీపాల_సుబ్బారావు:
త్రదిసియోన్ మీద నాకు గౌరవమే. నేను అనేది వేరే. ఎల్ మాయెస్త్రో సియెర్రా సంగతి తీసుకోండి. 1830లో పెట్టింది హొసే ఆంతోనియో సియెర్రా అనే పీపాలు చేసే మేస్త్రీ. దొరల వ్యాపారంలోకి పనివాడు వస్తాడా అని అప్పటి పెద్దలు ఆయన్ని వెంటపడి వేధించారట. అందుకే లేబుల్ మీద నక్క వేట బొమ్మ, ఆ తప్పించుకుపోయే నక్క తానే! చాలాకాలం పెద్ద కంపెనీలకి వైన్ సరఫరా చేసి, తర్వాత సొంత పేరుతో సీసాలు నింపారు. భర్త పోయాక ఆ ఇంటిని దశాబ్దాల పాటు నిలబెట్టింది పిలార్ ప్లా గారు. వాళ్లు కూడా అమొంతియాదో 1830కి ముద్ర తీసుకున్నారు. అంటే చిన్నవాళ్లు తీసుకోలేరని కాదు, ఏ సీసాకి తీసుకోవాలో వాళ్లు ఎంచుకుంటారు. ముద్ర లేకుండా వాళ్లు అమ్మే ఒలొరోసో నాకు చాలా ముద్ర సీసాలకంటే ఇష్టం.

హెరెజ్‌లో ఒకసారి పీపాల మధ్య తిరిగాను. నేల మట్టిదే, వేసవిలో నీళ్లు చల్లి చల్లబరుస్తారు. పీపాలకి నల్ల రంగు, కారితే వెంటనే కనపడాలని. ముఖం మీద సుద్దముక్కతో ఒక గీత, దానికి అడ్డంగా ఇంకో గీత ఉంటే అది పాలో కొర్తాదో. ఆ గీత పెట్టేది వైన్ చూసుకునే మేస్త్రీ ముక్కు. మండలి పుట్టకముందు నుంచీ వ్యాపారం నడిచింది ఆ ముక్కుల మీదే.

లండన్_లక్ష్మి:
ఆ ముక్కు ఆ మేస్త్రీకుంది, పాతసీసా గారికి లేదు కదండీ. కొనేవాడికి కావలసింది కాగితం.

పాతసీసా:
ఇద్దరికీ థాంక్స్. బావగారు సీసా తిప్పి లేబుల్ చదివి ప్రశ్నలు వేసే రకం, కాబట్టి సిబరీతాయే తీసుకుంటున్నా. ప్రివిలేహియో ఇంకోసారి, నా కోసం. ఆఖరి ప్రశ్న: మూత తీశాక ఎన్నాళ్లు ఉంటుంది? ఆయన ఒక్క రోజులో తాగే మనిషి కాదు.

కెమిస్ట్రీ_మేష్టారు:
ఒలొరోసో గాలిలోనే పెరిగిన వైన్, తొందరేం లేదు. బిరడా గట్టిగా బిగించి, నిలబెట్టి, చీకట్లో పెడితే వారాల తరబడి నిలుస్తుంది. మరీ చల్లగా ఇవ్వకండి, వాసన ముడుచుకుపోతుంది. చిన్న షాట్ గ్లాసులు వద్దు, వైన్ గ్లాసులో రెండు వేళ్లంత పోయండి. ఇంకొకటి, ఆయన విస్కీ పీపాలతో పోలుస్తారేమో, ముందే చెప్పండి: ఈ రోజుల్లో ఆ పీపాలు ఎక్కువగా విస్కీ కోసమే ప్రత్యేకంగా షెర్రీ పోసి తయారుచేసినవి. సొలేరాలో పనిచేసే పాత పీపాని ఎవరూ అమ్ముకోరు.