కోపెన్‌హాగెన్ 2025 కల్లా కార్బన్ న్యూట్రల్ అవుతానంది కదా, చివరికి ఏమైంది?

విశాఖ_మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను విశాఖలో పాలిటెక్నిక్ పిల్లలకు పర్యావరణం పేపర్ చెప్తాను. నా స్లైడ్లలో ఒకటి ఏళ్ల తరబడి అలాగే ఉంది: "2025కి ప్రపంచంలోనే మొట్టమొదటి కార్బన్ న్యూట్రల్ రాజధాని కోపెన్‌హాగెన్". అంటే ఊరు గాలిలోకి వదిలే కార్బన్, వెనక్కి తీసుకునేది లెక్కలో సరిసమానం కావడమన్నమాట. పక్కన సైకిళ్ల ఫొటో, చెత్త కాల్చే ప్లాంటు కప్పు మీద జనం స్కీయింగ్ చేస్తున్న ఫొటో. మొన్న వెనక బెంచీ కుర్రాడొకడు "సార్, 2025 అయిపోయింది కదా, అయ్యారా మరి?" అన్నాడు. నెట్‌లో వెతికితే సగం మంది అద్భుతం అంటున్నారు, సగం మంది అంతా బూటకం అంటున్నారు. అక్కడ ఉంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, లెక్క ఎక్కడ తప్పింది? ఇంకో సందేహం. మా కాపులుప్పాడలోనూ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది, 15 మెగావాట్లది. అదీ ఇదీ ఒకటేనా?

గోదారి_టు_అమాగర్:

మాస్టారూ నమస్తే. మేముండేది కోపెన్‌హాగెన్‌లోని అమాగర్ దీవిలోనే. మీ ఫొటోలో ఉన్న ప్లాంటు పొగగొట్టం మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. పైగా నా ఉద్యోగం బిల్డింగుల హీటింగ్ మీదే. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

సూటిగా చెప్పాలంటే, అవ్వలేదు. 2012లో నగర కౌన్సిల్ ఆ ప్లాన్‌ను ఆమోదించింది, 2022 ఆగస్టులో "2025కి కుదరదు" అని నగరమే ఒప్పుకుంది. అలాగని బూటకమూ కాదు. 2005తో పోలిస్తే ఊరి ఉద్గారాలు నాలుగింట మూడొంతులకు పైనే తగ్గాయి. ఊళ్లో జనం పెరుగుతూండగా జరిగిన తగ్గుదల ఇది.

మీ స్లైడ్‌లో సైకిళ్ల ఫొటో తీసేసి గొట్టాల ఫొటో పెట్టండి. నిజంగానే అంటున్నాను. సైకిళ్లంటే నాకూ ఇష్టమే, ఆఫీసుకు వెళ్లేది దాని మీదే. కానీ ఇక్కడ ఉద్గారాలను దించింది రోడ్డు కింద ఉన్న వేడినీళ్ల గొట్టాలు. ఊళ్లో దాదాపు 98 శాతం వేడి అవసరం వాటి ద్వారానే తీరుతుంది. ఇంటింటికీ బాయిలర్ ఉండదు. ఊరి చివర ప్లాంట్లలో నీళ్లు కాగుతాయి, భూమిలోంచి ప్రతి బిల్డింగుకీ వస్తాయి, వేడి ఇచ్చేసి చల్లబడి వెనక్కి వెళ్తాయి. దీని వెనక పర్యావరణం మీద ప్రేమ కన్నా భయం ఎక్కువ. 1973 చమురు సంక్షోభం నాటికి డెన్మార్క్ వాడే ఇంధనంలో 90 శాతం దాకా బయటి నుంచి వచ్చే చమురే. ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదని ఆంక్ష పెట్టారు. 1979లో వేడి సరఫరాకు ప్రత్యేకంగా చట్టం తెచ్చారు. ఆ తర్వాత బిల్డింగులను ఈ గొట్టాలకు కలిసి తీరాలని చెప్పే అధికారం కూడా మున్సిపాలిటీలకు వచ్చింది. ఊరంతా తవ్వారు.

దానివల్ల ఒరిగిందేమిటంటే, తర్వాత ఎప్పుడో "బొగ్గు వద్దు" అనుకున్నప్పుడు లక్షల ఇళ్ల తలుపులు కొట్టాల్సిన పని లేకపోయింది. ఊరి పక్కన అవెడోర్‌లో ఒక ప్లాంటు, మా అమాగర్‌లో ఇంకొకటి (మీ ఫొటోలోని చెత్త ప్లాంటు కాదు, వేరేది). అక్కడ ఇంధనం మార్చితే ఊరు ఊరంతా మారినట్టే. ఇంట్లోవాళ్లకు తెలియను కూడా తెలియదు.

మా బిల్డింగు సెల్లార్‌లో ఒక చిన్న గది ఉంది. అందులో సూట్‌కేసంత ఉక్కు పలకల పెట్టె, అదే హీట్ ఎక్స్‌చేంజర్, బయటి నీళ్ల వేడి బిల్డింగు నీళ్లకు మారేది అందులోనే. వచ్చే గొట్టానికొక థర్మామీటర్, వెళ్లే గొట్టానికొకటి. నేను ఎప్పుడు దిగినా ముందు చూసేది వెళ్లే గొట్టం వైపే. వెనక్కి వెళ్లే నీళ్లు ఇంకా వేడిగా ఉంటే మనం వేడిని సరిగ్గా వాడుకోనట్టు, దానికి బిల్లులో అదనంగా వడ్డిస్తారు. నీళ్లు ఎంత చల్లగా తిరిగొస్తే ప్లాంటులో పొగలోని వేడిని అంత బాగా రాబట్టుకోవచ్చు మరి. కొత్తగా వచ్చిన మనవాళ్లు చేసే పనేమిటంటే, హాల్లో గదిని వేడి చేసే రేడియేటర్ ఒక్కటీ 5 మీద, అంటే పూర్తిగా, పెట్టి మిగతావన్నీ కట్టేస్తారు, పొదుపు అనుకుని. చేయాల్సింది తలకిందులు. అన్నీ తెరిచి, అన్నీ తక్కువలో పెట్టాలి. ఈ ముక్క మా వాట్సాప్ గ్రూపులో ప్రతి అక్టోబరులో ఎవరో ఒకరికి చెప్తూనే ఉంటాను. (దోసెల పిండి గిన్నె పక్కన పెట్టుకోవడానికైతే ఒక్కటి కాస్త ఎక్కువ తిప్పుకోవచ్చు, నేను తప్పు పట్టను.)

ఇక తప్పిన చోటు. అన్నీ తగ్గించాక పెద్ద ముక్కలు రెండు మిగిలాయి, చెత్త కాల్చడం, రోడ్డు మీద బళ్లు. మీ ఫొటోలో ఉన్నది అమాగర్ బక్కె. 2017లో మొదలైంది, కప్పు మీద స్కీ వాలు 2019లో తెరిచారు. గంటకు 35 టన్నుల చొప్పున కాల్చే కొలిములు రెండు. కోపెన్‌హాగెన్‌తో పాటు మరో 4 మున్సిపాలిటీలకు అందులో వాటా. చెత్తలో తిండి, కాగితం కాలితే లెక్కలోకి రాదు. ప్లాస్టిక్ కాలితే వస్తుంది, అది చమురే కదా. ఆ ప్లాస్టిక్‌ను ఎంత వేరు చేయించినా సంచిలో ఎంతో కొంత ఉండనే ఉంటుంది. అందుకని పొగలోంచే కార్బన్ డయాక్సైడ్ పట్టి నేలలోపల దాచేద్దాం, ఏడాదికి సుమారు 5 లక్షల టన్నులు, అనుకున్నారు. దానికి ప్రభుత్వ నిధి కావాలి. ఆ నిధికి దరఖాస్తు చేయాలంటే సంస్థ ఆర్థికంగా ఇంత బలంగా ఉండాలని షరతు, ప్లాంటు దాన్ని అందుకోలేకపోయింది. అంతే, 2025 గడువు అక్కడే పోయింది. పదమూడేళ్ల ప్లాన్‌లో చివరి మెట్టు మొత్తం ఒక్క పొగగొట్టం మీద పెట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇప్పుడు కొత్త గడువు 2035. ఈసారి న్యూట్రల్ కాదు, వదిలేదానికన్నా ఎక్కువ వెనక్కి తీసుకోవాలి అంటున్నారు.

జట్లాండ్_కుర్రాడు:

అక్కా, మీరు గొట్టాల గురించి రాసింది బాగుంది కానీ గొట్టాల్లోకి ఏం వస్తోందో నెమ్మదిగా దాటేశారు. బొగ్గు మానేసి ఏం కాలుస్తున్నారు? కట్టె. అమాగర్‌లో చెక్క ముక్కలు, అవెడోర్‌లో చెక్క గుళికలు, చాలా మటుకు ఓడల్లో బయటి దేశాల నుంచే. పొగగొట్టంలోంచి వచ్చేది కార్బన్ డయాక్సైడే, లెక్కలో మాత్రం సున్నా. చెట్టు నరికిన దేశం తన అడవుల పద్దులో రాసుకోవాలట. కాలిన చెట్టు స్థానంలో ఇంకోటి పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, 2025 గడువు దానికోసం ఆగదు కదా. మాస్టారూ, మీ పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

ఇంకోటి. కాస్త్రుప్ విమానాశ్రయం మెట్రోలో పావుగంట దూరం, కానీ అది తోర్న్‌బీ మున్సిపాలిటీలోకి వస్తుంది. కాబట్టి కోపెన్‌హాగెన్ పద్దులో విమానాలు లేవు. మనం ఏటా హైదరాబాద్ వెళ్లి రావడం ఎవరి ఖాతా?

గోదారి_టు_అమాగర్:

తమ్ముడూ, దాటేయలేదు, చెయ్యి నొప్పెట్టి ఆపాను. కట్టె విషయంలో నువ్వన్నదే నా మాట కూడా. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. "కట్టె కాబట్టి అంతా దండగ" అనేస్తే గొట్టాలకు అన్యాయం చేసినట్టు. ఆ నెట్‌వర్క్‌కు ఏ ఇంధనమన్నా పట్టింపు లేదు. నిన్న బొగ్గు, ఇవాళ కట్టె, రేపు పెద్ద హీట్ పంపులు పెట్టి సముద్రపు నీటిలోంచో మురుగునీటిలోంచో వేడి తీయొచ్చు. సెల్లార్‌లో నా పెట్టె అలాగే ఉంటుంది.

నాకు అంతకన్నా నచ్చని లెక్క ఇంకోటి ఉంది. పాత ప్లాన్ ప్రకారం నగర సంస్థ ఊరి బయట గాలిమరలు పెట్టి, ఊరు వాడేదానికన్నా ఎక్కువ కరెంటు తీసి, ఆ మిగులుతో బళ్ల పొగను కొట్టేయాలి. అంటే కార్లు తగ్గకపోయినా కాగితం మీద తగ్గినట్టే. కార్ల మీద గట్టిగా చెయ్యి వేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, సైకిళ్ల ఊరని పేరొచ్చాక అడిగేవాళ్లూ తగ్గారు.

విమానాల సంగతి, మన కొనుగోళ్ల సంగతి కొత్త ప్లానులో కొంత కదిలింది. జనం తినేది, కొనేది, ఎగిరేది కలిపి లెక్కేసి 2035కి సగానికి తేవాలని విడిగా లక్ష్యం పెట్టుకున్నారు. ఎలా తెస్తారో చూడాలి.

ఇంకో తమాషా విను. 2023లో ప్రభుత్వం కార్బన్ పట్టడానికి మొదటి సాయం ఇచ్చింది. అందులో ఒక చోటు అవెడోర్, మాకు పక్క మున్సిపాలిటీ. అక్కడా ఇంకో ప్లాంటులోనూ కలిపి ఏడాదికి 4 లక్షల 30 వేల టన్నులు పట్టి నార్వేకు పంపుతారు. పట్టేది గడ్డి, చెక్క ముక్కల పొగను. ప్లాస్టిక్ కాలే మా పొగగొట్టం మాత్రం అలాగే ఉంది.

పారిశుధ్యం_ఇంజనీర్:

కాపులుప్పాడ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నేను చెప్తాను. ఇలాంటి ప్లాంట్లలో కొన్నాళ్లు పనిచేశాను.

యంత్రం సూత్రం ఒకటే సార్. చెత్త కాల్చి ఆవిరి, ఆవిరితో టర్బైన్. తేడా రెండు చోట్ల. మన చెత్త తడి. వానాకాలంలో లారీ గుంటలో ఒంపితే ముందు నల్లటి నీళ్లు కారతాయి, తర్వాత చెత్త పడుతుంది. ఆ తడిని ఆరబెట్టడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది. అక్కడ తిండి వ్యర్థాలను ఇంట్లోనే వేరే సంచిలో కట్టి బయోగ్యాస్‌కు పంపుతారు, కొలిమికి కాస్త పొడిది వస్తుంది. రెండోది, టర్బైన్ దాటాక మనం ఆవిరిని చల్లార్చి ఆ వేడిని గాలికి వదిలేస్తాం. మహా అయితే చెత్తలోని శక్తిలో పాతిక శాతం కరెంటుగా చేతికొస్తుంది. వాళ్లు ఆ మిగతా వేడినే ఊరికి అమ్ముకుంటారు. మన ఊళ్లలో వేడి ఎవరు కొంటారు చెప్పండి.

విశాఖ_మాస్టారు:

అందరికీ చాలా థాంక్స్. స్లైడ్ మారుస్తాను, గొట్టాల ఫొటో దొరికితే పంపండి మేడం. వేడి ఎవరూ కొనరు సరే, చల్లదనం కొంటారు కదా? వేడితో ఏసీ నడిపే యంత్రాలు ఉంటాయని చదివాను. కాపులుప్పాడ కొండల్లో ఐటీ కంపెనీలకు స్థలాలు ఇస్తున్నారు, ప్లాంటుకు అట్టే దూరం లేదు. కుదురుతుందా, లేక నేను అత్యాశకు పోతున్నానా?

గోదారి_టు_అమాగర్:

అత్యాశేం కాదు మాస్టారూ. ఆవిరితో నడిచే అబ్సార్ప్షన్ చిల్లర్లు పాత టెక్నాలజీయే. చల్లటి నీళ్లు గొట్టాల్లో పంపడం కోపెన్‌హాగెన్‌లో 2010 నుంచి ఉంది, ఇక్కడ రేవు నీళ్లు వాడతారు. మన దేశంలో గాంధీనగర్ దగ్గర గిఫ్ట్ సిటీలోనూ ఒకేచోట చల్లబరిచి బిల్డింగులకు పంపుతున్నారు. చల్లటి నీళ్ల గొట్టం వేడిదానికన్నా లావుగా ఉండాలి, కాబట్టి ఖర్చంతా తవ్వకంలోనే. ఆ కొండల్లో ఇంకా రోడ్లు పడని చోట అయితే ఇప్పుడే వేయాలి, తారు పోశాక ఎవరూ తవ్వనివ్వరు.

ఇంజనీర్ గారూ, మీకు తెలిస్తే ఒక్కటి చెప్పండి. అక్కడి టర్బైన్‌లో ఆవిరిని మధ్యలో బయటకు తీసుకునే ఏర్పాటు ఉందా? లేకపోతే కరెంటు ఎంత తగ్గుతుందో ముందు లెక్కేయాలి. ఫొటో రేపు సెల్లార్‌లోకి దిగినప్పుడు తీసి పెడతాను.