క్రైసోబెరిల్ అంటే వైడూర్యమేనా? పేరులో బెరిల్ ఎందుకుంది?

కోనసీమ కోడలు: మా మామగారి వైడూర్యం ఉంగరాన్ని ల్యాబ్‌కి పంపితే కార్డు మీద ‘క్రైసోబెరిల్, క్యాట్స్ ఐ’ అని వచ్చింది. షాపతనేమో పచ్చరాయి ఉండే బెరిల్ జాతే అంటున్నాడు. నిజమేనా? అసలు ఆ పేరుకి అర్థం ఏమిటి? క్రైసో అనాలా, క్రిసో అనాలా? ఇంకోటి, ఉంగరం వదులైంది. బిగించేటప్పుడు రాయి తీయించాలా?

రాళ్ళ మాస్టారు: పాతికేళ్ళుగా రత్నాలు పరీక్షిస్తున్నాను, చెబుతా వినండి. గ్రీకులో క్రైసోస్ అంటే బంగారం, బెరిల్లోస్ అంటే బెరిల్. 18వ శతాబ్దం చివర్లో జర్మనీ ఖనిజ శాస్త్రవేత్త వెర్నర్ పెట్టిన పేరు. పేరులోనే బెరిల్, జాతిలో కాదు. బెరిల్‌లో సిలికా ఉంటుంది, ఇందులో ఉండదు. ఉన్నవి బెరీలియం, అల్యూమినియం, ఆక్సిజన్, అంతే. గట్టిదనం మోస్ కొలతలో 10కి 8.5. షాపతనికి తెలీదు.

మోసపోయిన వాణ్ణి: మాస్టారూ, మీలాంటి పాతికేళ్ళ అనుభవం ఉన్నాయనే నాకు కేతు దశ అని వైడూర్యం అంటగట్టాడు. 18 వేలు. తీరా చూస్తే గాజు పోగులతో చేసిన రాయి! టార్చి వేస్తే, పిల్లికంటి పాపలా మెరిసే ఆ వెలుగు గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. అప్పుడైనా అనుమానం రావద్దూ నాకు?

గూడూరు తాత మనవడు: బెరిల్ మా అభ్రకం గనుల్లోనూ దొరికేది. తాత తెచ్చిన ముక్క ఇప్పటికీ తలుపుకి అడ్డం పెడతాం. ఆరు పలకల పెన్సిల్‌లా, నాచు రంగులో ఉంటుంది. దానికి గీతా లేదు, మెరుపూ లేదు.

పదాల పిచ్చి: అసలు సంగతి అందరూ వదిలేశారు. గ్రీకు బెరిల్లోస్ మన దగ్గర్నుంచి వెళ్ళిన మాటే. ప్రాకృతంలో వేళురియ, సంస్కృతంలో వైడూర్యం. అంటే క్రైసోబెరిల్‌ని తెలుగు చేస్తే ‘బంగారు వైడూర్యం’!

రాళ్ళ మాస్టారు: అయితే వైడూర్యం బెరిల్ అంటారా? నవరత్నాల్లో వైడూర్యం పిల్లికన్ను రాయండీ. చిన్నపిల్లలకీ తెలుసు.

పదాల పిచ్చి: పేరు పాతది, రాయి మారింది. పాత గ్రంథాల్లో వైడూర్యం బెరిలేనని చాలామంది పండితుల అభిప్రాయం. మంచి బెరిల్ భారతదేశం నుంచి వస్తుందని రోమన్ రచయిత ప్లినీ కూడా రాశాడు.

ద్రావిడం ముందు: సంస్కృతం దాకా వచ్చి ఆగారేం? మూలం ద్రావిడ పదమనీ, దక్షిణాది ఊరి పేరనీ చెప్పేవాళ్ళున్నారు.

పదాల పిచ్చి: విదూర అనే చోటు నుంచి వచ్చింది కాబట్టి వైడూర్యం అని పాణిని సూత్రమే ఉంది.

ద్రావిడం ముందు: ఆ సూత్రానికి వ్యాఖ్యానం చదివారా? రాయి పుట్టేది వాలవాయం కొండలో, విదూరలో సానపట్టడమే అని ఉంది. సగం చదివి వాదించొద్దు.

పదాల పిచ్చి: మీరు చదివిన సగం నేను కాలేజీలోనే చదివాను లెండి.

నర్సీపట్నం వంశీ: మీ గొడవ మీదేగానీ, మా వైపు దొరికే, వెలుతురుని బట్టి రంగు మారే అలెగ్జాండ్రైట్ కూడా క్రైసోబెరిలే. కాస్త క్రోమియం కలుస్తుంది. పేరు రష్యా యువరాజు అలెగ్జాండర్ మీద పెట్టారు. మా బాబాయి రాయి షాపులో ఎల్ఈడీ కింద పచ్చగానే ఉండేది. రంగు మారదేంట్రా, నకిలీయా అని రెండు రోజులు టెన్షన్. మూడో రాత్రి కరెంటు పోయి కొవ్వొత్తి వెలిగిస్తే దానిమ్మ గింజలా ఎర్రబడింది. పిన్ని కెవ్వుమంది.

మోసపోయిన వాణ్ణి: ఎంతకి కొన్నారు? బిల్లు ఇచ్చారా?

కెమిస్ట్రీ టీచరు: పేర్లు అనుకున్నారు కాబట్టి ఒకటి. 1798లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ బెరిల్లోంచే బెరీలియం కనిపెట్టాడు. దాని లవణాలు తియ్యగా ఉంటాయని ఫ్రెంచివాళ్ళు చాలాకాలం గ్లూసీనియం అన్నారు. చక్కెరకి గ్లూకోజ్ అన్నట్టే. ఎవరూ నాకి చూడకండి, విషం.

గూడూరు తాత మనవడు: అయ్యో, మా తలుపు దగ్గర ముక్కతో పిల్లలు ఆడుకుంటారే!

కెమిస్ట్రీ టీచరు: పట్టుకుంటే ఏమీ కాదండీ. అరగదీసి ఆ పొడి పీల్చకూడదు.

కోనసీమ కోడలు: ఎవరూ చెప్పలేదు కదా అని నిన్న బిగించడానికి ఇచ్చేశాను. రాయి తీసి మళ్ళీ పెట్టారట. ఇదివరకు గీత వేలి వెంట నిలువుగా ఉండేది, ఇప్పుడు అడ్డంగా ఉంది. మామగారు ఇంకా చూడలేదు.

మోసపోయిన వాణ్ణి: అదే రాయా అమ్మా? టార్చి వేసి చూశారా?

రాళ్ళ మాస్టారు: కంగారు పెట్టకండి. రాయి తిప్పి పెట్టుంటారు. కార్డు మీద క్యారెట్ బరువు రాసుంటే, మీ ఎదురుగానే రాయి తీయించి తూయించండి. గీతని కూడా అప్పుడే నిలువుగా పెట్టిస్తే సరి.